పోలిక మొక్క

"పెద్దదానికేం, గుండ్రాయిలా ఉంటుంది," అంది అత్తగారు ఫోనులో.

ఆ మాట హాల్లోంచి వంటింట్లోకి తాపీగా వచ్చింది. సింకు ముందు నిలబడి మాడిన పాలగిన్నె తోముతున్న పెద్దకోడలికి వినబడింది. వినబడాలనే అన్నది కాబట్టి వినకపోవడం మర్యాద కాదు. అది తిట్టు కాదు మరి. ఆ ఇంట్లో కోడళ్లకు దక్కే మెప్పుల్లో అంతకంటే పెద్దది లేదు. పెళ్లయిన నాటినుంచీ ఆమె తోమిన గిన్నెలూ, ఉతికిన దుప్పట్లూ, సర్దిన పక్కలూ అన్నీ కలిపి చివరికి మిగిలింది ఆ ఒక్క ముక్క. గుండ్రాయి.

అత్తగారు ఫోనులో సాగదీస్తూనే ఉంది. అవతల ఎవరో చుట్టాలావిడ. "చిన్నదానికే ఒళ్లు వంగదు. కాన్పయి ఇన్నాళ్లయిందా, ఇంకా మంచం దిగదు. కళ్లు తిరుగుతున్నాయంటుంది, రక్తం ఆగట్లేదంటుంది, ఊరికే ఏడుస్తుంది. మేం కనలేదా? మా పెద్దది ఇద్దర్ని కని, పురిటి మంచం మీంచి లేచి నీళ్ల బకెట్లు మోసింది. ఒక్కనాడు అమ్మా అని అన్లేదు తెలుసా!"

అంది. అమ్మా అని చాలాసార్లే అంది పెద్దకోడలు. కానీ కుళాయి పూర్తిగా తిప్పి ఆ చప్పుడులో అంది. చిన్నవాడు పుట్టాక నాలుగో అంతస్తుకి నీళ్లు ఎక్కని వేసవిలో బకెట్లు మోసిన రోజుల్లో, లోపల ఏదో పట్టు తప్పి కిందికి జారినట్టనిపించింది ఆమెకు. సాయంత్రమయ్యేసరికి ఆ జారుడు ఎక్కువవుతుంది. తుమ్మితే భయం, నవ్వితే భయం, మెట్లెక్కితే భయం. అందుకని నవ్వడం తగ్గించుకుంది. సింకు కింద చిన్న చెక్కపీట ఒకటి పెట్టుకుంది. గిన్నెలు తోమేటప్పుడు ఒక కాలు దాని మీద పెడితే కాస్త ఊరటగా ఉంటుంది. రోజూ ఆ పీటకు కాలు తగిలి ఎవరో ఒకరు విసుక్కుంటారే గానీ, అది అక్కడెందుకుందని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఒకసారి మొగుడితో చెప్పింది. ఆయన బీమా కంపెనీలో పనిచేస్తాడు. ఎవరి ఒంట్లో ఏం జబ్బు దాగుందో కనిపెట్టి కాగితం తిప్పి పంపడమే ఆయన ఉద్యోగం. ఆమె చెబుతుంటే టీవీ చప్పుడు కొంచెం తగ్గించాడు కూడాను. అంతా విని ఆమెను తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసి, "బాగానే ఉన్నావుగా," అన్నాడు. "నిలబడ్డావు, నడుస్తున్నావు, పొద్దున్నే లేచి ఆఫీసుకెళ్తున్నావు. జబ్బుంటే ఇవన్నీ చేయగలవా?" అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ లెక్కలో మనిషికి జబ్బుందని రుజువు కావాలంటే ముందు పడిపోవాలి. పడిపోతే పొద్దున్న పాలు ఎవరు కాస్తారని పడిపోకుండా ఉండడమే ఆమె చేసిన పొరపాటు.

గిన్నె బోర్లించి కిటికీ వైపు తిరిగింది. కిటికీ గట్టు మీద పెరుగు డబ్బాల్లో నాలుగైదు చిన్న బంగాళాదుంప మొక్కలు ఎండకు తలలు వాల్చుకుని ఉన్నాయి. అవి దుంపల నుంచి మొలిచినవి కావు. బంగాళాదుంప మొక్కకు పూతొచ్చి, ఆ పూత నుంచి గోళీకాయంత పచ్చికాయ కాస్తుంది. ఆ కాయలోని గింజలు ఎండబెట్టి మొలిపించినవి. "వంటింట్లో ఈ మట్టి సంతేంటి? బజార్లో దుంపలు దొరకట్లేదా?" అని అత్తగారు రోజూ అంటూనే ఉంది. ఆమె వాటిలోంచి ఒక డబ్బాను ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా పెట్టి, చేతిసంచిలో టిఫిన్ డబ్బా పక్కన సర్దుకుంది.

చిన్నకోడలు గది ముందునుంచి వెళ్తుంటే లోపలినుంచి పిలుపు వినబడింది. "అక్కా, వెళ్తున్నారా?" పసిపిల్లను పక్కలో వేసుకుని గోడకానుకుని కూర్చునుంది ఆ పిల్ల. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "మీరలా చకచకా తిరుగుతుంటే చూసి ధైర్యం తెచ్చుకుంటానక్కా. మీరూ ఇదంతా దాటే వచ్చారుగా. నాకూ ఎప్పటికో తగ్గకపోతుందా!" అంది. పెద్దకోడలు గుమ్మంలోంచి ఏదో చెప్పబోయింది. బస్సు టైమయిపోతోంది. "తగ్గుతుందిలే," అని వెళ్లిపోయింది.

ఇంట్లో ప్లేట్లు కడిగి, బస్సెక్కి వెళ్లి, ల్యాబులో ప్లేట్లు కడుగుతుంది ఆమె. తేడా ఏమైనా ఉంటే ల్యాబులో కడిగినందుకు జీతమిస్తారు, పైగా పేరు ముందు డాక్టరని పెడతారు. ఆ ల్యాబు విత్తనపు బంగాళాదుంపల్ని పరీక్షించే చోటు. విత్తన కంపెనీలు తమ మొక్కల ఆకులు పంపిస్తాయి. వాటిలో వైరస్ లేదని ఈ ల్యాబు కాగితమిస్తేనే దుంపలు బస్తాల్లోకెక్కి రైతుల చేలకు వెళ్తాయి. దుంపలో వైరస్ ఉంటే దాన్నుంచి వచ్చే మొక్కకు పుట్టుకతోనే జబ్బు. ఆకు ముడుచుకుంటుంది, మొక్క గిడసబారుతుంది, తవ్వితే గోళీలంత దుంపలు. మందు లేదు. విత్తనం దగ్గర పట్టుకోవాలి, లేదా పంట మొత్తం వదులుకోవాలి.

పట్టుకునేది యాంటీబాడీలతో. అరచేతి పొడవు ప్లాస్టిక్ ప్లేటులో చిన్నచిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంట అడుగునా ఆ వైరస్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పూత. ఆకు నలిపి రసం పోస్తే, అందులో వైరస్ ఉంటే అడుగున అంటుకుపోతుంది. లేకపోతే కడిగినప్పుడు పోతుంది. తర్వాత రెండో యాంటీబాడీ, మళ్లీ కడుగుడు, ఆపైన రంగుమందు. వైరస్ ఉన్న గుంట పసుప్పచ్చగా మారుతుంది, లేనిది నీళ్లలా ఉంటుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ గుంటలన్నీ అంత నిక్కచ్చిగా ఉండవు. కొన్ని కొంచెం పసుపు, కొన్ని అయ్యీకానట్టు పసుపు. ఎంత పసుపయితే జబ్బు? దానికోసం ప్రతి ప్లేటులోనూ ఆరోగ్యమైన మొక్క రసం కూడా పోస్తారు. రంగు ఎంత చిక్కగా ఉందో మిషను అంకెలో చెబుతుంది. ఆరోగ్యమైన మొక్క అంకెకు రెండింతలు దాటినవి జబ్బువి, దాటనివి శుభ్రమైనవి. అదీ రూలు. అంతా ఆ ఒక్క పోలిక మొక్క మీద నిలబడి ఉంది.

ల్యాబులో పోలిక మొక్కకు ముద్దుపేరుంది. బుద్ధిమంతురాలు. గ్రీన్‌హౌస్‌లో ప్రత్యేకం ఒక మూల దాని కుండీ. ఎప్పుడో మొదటి డైరెక్టరుగారి కాలంలో తెచ్చిన మొక్క. ఏటా దాని కొమ్మ కత్తిరించి నాటుకుంటూ, అదే మొక్కను కొనసాగిస్తున్నారు. ముదురు ఆకుపచ్చ ఆకులు, నిటారు కాడ, ఒక్క మచ్చ లేదు. ఎవరైనా పెద్దలు ల్యాబు చూడ్డానికొస్తే దాని పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తారు. కొన్నేళ్ల కిందట గ్రీన్‌హౌస్ వల చిరిగి, వైరస్ మోసే పేనుబంక పురుగు లోపలికొచ్చింది. చుట్టూ ఉన్న మొక్కల ఆకులు ముడుచుకుపోతే పీకి కాల్చేశారు. బుద్ధిమంతురాలు మాత్రం చెక్కుచెదరలేదు. "చూశారా దాని గట్టితనం!" అని అందరూ మురిసిపోయారు. దాన్ని పరీక్షించాలని ఎవరికీ తోచలేదు. మిగతా మొక్కల్ని పరీక్షించడానికే కదా అది ఉన్నది!

అప్పట్నుంచీ దాని గుంటలో రంగు కొంచెం కొంచెంగా చిక్కబడుతూ వచ్చింది. నీళ్లలా ఉండాల్సింది లేత పసుపు, మరుసటేడు ఇంకొంచెం. పెద్దకోడలు డైరెక్టరుగారికి చూపించింది. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "సరిగ్గా కడగట్లేదమ్మా," అన్నాడు. "అంటుకున్న మందు పూర్తిగా పోకపోతే అలాగే వస్తుంది. ఆడవాళ్లకి గిన్నెలు కడగడం కూడా నేను చెప్పాలా?" అని నవ్వాడు. పక్కనున్న వాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కడుపు బిగపట్టుకుని. ఇక ఆ పంటకాలమంతా రూలుకంటే ఎక్కువసార్లు కడిగింది. చేతి తొడుగుల్లో వేళ్లు నానిపోయి మడతలు పడేవి. రంగు తగ్గలేదు. తప్పు తన చేతుల్లోనే ఉందని ఎంత తొందరగా నమ్మేసిందో తర్వాత తల్చుకుంటే ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ నమ్మడం ఆమెకు చాలా ఏళ్ల అలవాటు. పిల్లాడికి జలుబు చేస్తే తను తల సరిగ్గా తుడవలేదు. మొగుడికి కోపమొస్తే తను అన్న తీరు బాగాలేదు. గుంటలో రంగొస్తే తను కడగలేదు.

అప్పుడే ఒక రైతావిడ వచ్చింది. గోనెసంచిలో మొక్కలు పీకి తెచ్చి ల్యాబు గుమ్మంలో గుమ్మరించింది. ఆకులన్నీ ముడుచుకుపోయి, వేళ్లకు గోళీల్లాంటి దుంపలు వేలాడుతూ ఉన్నాయి. "మీ కాయితంలో జబ్బు లేదనుంది. నా చేలో ఉంది. రెండిట్లో ఏది నిజమమ్మా?" అని అడిగింది. డైరెక్టరుగారు బయటికొచ్చి, "నీళ్లు ఎక్కువ పెట్టుంటావు," అన్నాడు. "మా పరీక్షలో లేదంటే లేనట్టే." ఆవిడ కింద పోసిన మొక్కల్ని తనే ఏరి సంచిలోకెత్తుకుని, గుమ్మంలో పడ్డ మట్టి కూడా చీపురడిగి ఊడ్చి వెళ్లిపోయింది. ఆ ఊడవడం పెద్దకోడలి కళ్లలోంచి ఎన్నాళ్లకీ పోలేదు.

ఆవిడ వెళ్లాక ఆమెకు మొదటిసారిగా అనుమానం దిక్కు మార్చుకుంది. తను బాగానే కడుగుతోంది. మందు మంచిదే. యాంటీబాడీ కొత్తదే. మరి రంగు ఎక్కడిది? ఈ ప్రశ్న తేలాలంటే జబ్బే ఎరగని మొక్క ఒకటి కావాలి. ల్యాబులోని మొక్కలన్నీ ఒకే కత్తి కింద, ఒకే కప్పు కింద పెరిగినవి. అందుకే కాయ గింజలు తెచ్చి ఇంట్లో మొలకెత్తించింది. బంగాళాదుంపలో ఒక విచిత్రముంది. దుంప నుంచి మొలిస్తే తల్లి జబ్బంతా పిల్లకొస్తుంది. గింజ నుంచి మొలిస్తే, వాళ్లు వెతికే ఆ వైరస్ రాదు. ఇవాళ పొద్దున్న పెరుగు డబ్బాలో ఆమె వెంట బస్సులో వచ్చింది అలాంటి గింజ మొక్కే. రద్దీలో ఒకాయన మోచెయ్యి తగలబోతే చేత్తో అడ్డం పెట్టుకుని మరీ తెచ్చింది.

ఆ రోజు ప్లేటులో ఒక వరుస తన వంటింటి మొక్కకు కేటాయించింది. పక్కనే బుద్ధిమంతురాలు. మిగతా గుంటల్లో ఒక పెద్ద విత్తన కంపెనీ ఆకులు. వాళ్ల బస్తాలు గోదాములో కుట్టి సిద్ధంగా ఉన్నాయి, కాగితం కోసమే ఆగాయి. రంగుమందు పోసి కిటికీ పక్కన నిలబడింది. కాసేపటికి వంటింటి మొక్క గుంటలు మంచినీళ్లలా తేటగా ఉండిపోయాయి. బుద్ధిమంతురాలి గుంటలు పసుప్పచ్చబడ్డాయి. తెల్లకాగితం మీద ప్లేటు పెట్టి చూస్తే ఇక దాపరికమే లేదు. ఇన్నాళ్లూ దాని పక్కన నిజంగా తేటగా ఉన్నదాన్ని పెట్టి చూడలేదు గనుక ఆ పసుపే తెలుపులా కనబడింది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. జబ్బున్న మొక్కను పక్కన పెట్టుకుని, దాని అంకెకు రెండింతలు దాటితేనే జబ్బని రాస్తూ వచ్చారు. అంటే దానికున్నంత జబ్బు ఉన్నవన్నీ ఆరోగ్యమైనవే. దానికంటే కాస్త ఎక్కువున్నవీ ఆరోగ్యమైనవే. అది తలెత్తుకుని నిలబడ్డంతకాలం పక్కవాటి బాధ ఏదీ బాధ కిందికి రాదు. కొత్త మొక్క అంకెతో లెక్క మళ్లీ వేసి చూసింది. కంపెనీ ఆకుల్లో సగానికి పైగా జబ్బువేనని తేలింది. నిరుడు ఆ రైతావిడకు వెళ్లినవి కూడా ఇలాంటివే అయ్యుంటాయి. బుద్ధిమంతురాలు మోసం చేసిందా అంటే అదీ లేదు. అది ఎప్పుడూ తనకు బాగుందని చెప్పలేదు. ఆకులు ముడుచుకోలేదు, అంతే. మిగతాదంతా చూసేవాళ్లే అనుకున్నారు.

డైరెక్టరుగారు ఓపిగ్గానే విన్నాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఆయన చెడ్డవాడేం కాదు, గట్టిగా అరిచే అలవాటు కూడా లేదు. "ఇంట్లో కిటికీలో పెంచిన మొక్క పట్టుకొచ్చి, ఇన్నేళ్ల మన పోలిక తప్పంటావా?" అన్నాడు.

"రంగు చూడండి సార్. గింజ మొక్క ఎలా ఉందో, మనది ఎలా ఉందో."

"గింజ మొక్క రకమే వేరు. దాని ఆకు పల్చన. అందుకే రంగు రాలేదేమో."

"అయితే ఇంకో ల్యాబుకి రెండూ పంపుదాం సార్. వేరే పద్ధతిలో చూస్తారు. యాంటీబాడీకి అందనిది కూడా తేలుతుంది. అప్పటిదాకా బస్తాలు ఆపుదాం."

"ఆపితే నాటే అదును దాటిపోతుంది. ఎందుకాపారని అడుగుతారు. మన పోలిక మొక్కకే జబ్బని చెప్పమంటావా? అప్పుడు మనం ఇప్పటిదాకా ఇచ్చిన కాగితాలన్నిటికీ ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను సార్. అందుకే వచ్చాను."

ఆయన గొంతులోకి జాలి తెచ్చుకున్నాడు. "అలిసిపోయినట్టున్నావమ్మా. ఇంట్లో ఏమైనా ఇబ్బందా? నాలుగు రోజులు సెలవు పెట్టు. ఇదంతా మన జూనియర్ చూసుకుంటాడులే."

జూనియర్ అంటే ఆమె తర్వాత చేరి, ఆమె దగ్గరే ఈ పరీక్ష నేర్చుకున్న మనిషి. నెమ్మదస్తుడు. కాగితాలు పట్టుకుని ఆమె బల్ల దగ్గరకొచ్చి, "మీరే సంతకం చేసేయండి మేడమ్," అన్నాడు బతిమాలుతున్నట్టు. "రూలు ప్రకారం చూస్తే అన్నీ పాసే కదా. బుద్ధిమంతురాలికి రెండింతలు ఒక్కటీ దాటలేదు. మీరు చేయకపోతే నాచేత చేయిస్తారు."

"నీకు రంగు కనబడుతోందా లేదా?"

"కనబడుతోంది మేడమ్."

"మరి?"

"నాకు కనబడితే ఏంటి మేడమ్, మిషను రెండింతలు లేదంటోందిగా," అన్నాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అదే భయంకరంగా ఉంది. ఆమె పెన్ను మూత పెట్టేసింది. ఉద్యోగంలో చేరిన తర్వాత కాగితం వెనక్కి తోసిన మొదటి రోజు అది. తోస్తే ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. జూనియర్ దాన్ని తీసుకుని తన బల్లమీదే సంతకం చేశాడు. సాయంత్రానికి గోదాము ముందు లారీ ఆగింది. ఆమె కిటికీలోంచి చూస్తుండగానే బస్తాలన్నీ ఎక్కేశాయి. తిరిగొచ్చేసరికి బల్లమీద పెరుగు డబ్బా లేదు. ఊడ్చే ఆవిడ చెప్పింది, "బయటి మొక్క లోపలుంటే లోపలి వాటికి జబ్బంటుకుంటుందంట మేడమ్. సార్ పారేయమన్నారు." గ్రీన్‌హౌస్ మూలలో బుద్ధిమంతురాలు, సాయంకాలపు ఎండలో, ఎప్పటిలాగే నిటారుగా ఉంది. పెద్దకోడలు దాని దగ్గరికెళ్లి ఒక ఆకు వెనక్కి తిప్పి చూసింది. మచ్చ లేదు. దాన్ని చూస్తే కోపం రాలేదు. ఏడుపొచ్చింది. నీకు బాగాలేదని నాకొక్కదానికే తెలుసే అనుకుంది, ఇల్లు చేరేదాకా అదే అనుకుంటూ వచ్చింది.

ఇంటి తలుపు తీసే ఉంది. హాల్లో అందరూ నిలబడి ఉన్నారు. చిన్నకోడలు స్నానాలగదిలో కళ్లు తిరిగి పడిపోయిందట. తెచ్చి సోఫాలో కూర్చోబెట్టారు. నుదుటిమీద బొప్పి కట్టింది. చీర తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది, ఆ తడంతా నీళ్లది కాదు. మరిది పసిపిల్లను ఎత్తుకోవడం చేతకాక భుజాలు మారుస్తున్నాడు.

"ఆస్పత్రికి తీసుకెళ్దాం," అంది చిన్నకోడలు సన్నగా.

"ప్రతిదానికీ ఆస్పత్రేంటి?" అన్నాడు మరిది. "తినవు, లేవవు, అందుకే నీరసం. వదినని చూసి నేర్చుకో. ఇద్దర్ని కంది, ఉద్యోగం చేస్తోంది, ఇల్లు చూస్తోంది. ఇప్పుడు కూడా చూడు, పొద్దున్ననగా వెళ్లి వచ్చి ఎలా నిలబడిందో!"

"అదే కదా నేను మొత్తుకునేది," అంది అత్తగారు.

అందరి కళ్లూ ఆమె వైపు తిరిగాయి. ల్యాబుకొచ్చే పెద్దలు బుద్ధిమంతురాలి వైపు చూసే చూపే అది. మెచ్చుకోలు చూపు. ఆ చూపు తన మీద పడగానే సోఫాలో ఉన్న పిల్ల బాధ ఎలా చిన్నదైపోయిందో, ఎలా ఏమీ కానిదైపోయిందో ఆమె కళ్లారా చూసింది. ఇది ఇవాళ మొదలైంది కాదు. ఆమె నోరు మూసుకున్న ప్రతిరోజూ ఈ పిల్ల మీద ఇంకొంచెం బరువు వేస్తూనే వచ్చింది. చేతిసంచి కింద పెట్టింది.

"నన్ను చూపించకండి," అంది. "నాకు బాగాలేదు."

"ఏమైంది?" అన్నాడు మొగుడు.

"ఇవాళేమీ కాలేదు. చిన్నవాడు పుట్టినప్పట్నుంచీ బాగాలేదు. లోపల జారిపోయింది. నిలబడితే నొప్పి, బరువెత్తితే నొప్పి. ఆ సింకు కింద పీట అందుకే పెట్టుకున్నాను. నేను గుండ్రాయిని కాను. నన్ను చూసి ఈ పిల్లని కొలవకండి."

అత్తగారు ముందుగా తేరుకుంది. "ఇన్నేళ్లూ లేని జబ్బు ఇప్పుడొచ్చిందా? దానికి వంతపాడ్డానికి కాకపోతే!" మొగుడు వాచీ చూసుకున్నాడు. "ఆఫీసులో ఏదో గొడవై ఉంటుంది. కాసేపు పడుకో, అదే సర్దుకుంటుంది." కుర్చీ ఎవరూ జరపలేదు. అంతవరకూ ఆమె అనుకున్నట్టే జరిగింది. ఆమె అనుకోనిది ఇంకొకటి జరిగింది. చిన్నకోడలు ఆమెవైపే చూస్తోంది. ఆ మొహంలో కృతజ్ఞతలాంటిదేమీ లేదు. నిలబడ్డ నేల కుంగిపోయినట్టు ఉంది.

"అయితే ఇది తగ్గదా అక్కా?" అంది.

పెద్దకోడలి దగ్గర పొద్దున్న గుమ్మంలో చెప్పిన "తగ్గుతుందిలే" ఒక్కటే ఉంది, అది ఇప్పుడు పనికిరాదు. "చూపించుకుందాం," అంది. "నువ్వూ చూపించుకో, నేనూ చూపించుకుంటాను. పద." పసిపిల్లను మరిది చేతుల్లోంచి తీసుకుంది. పొడి చీర తెచ్చి చిన్నకోడలికి తనే చుట్టింది. వెనకనుంచి అత్తగారు రాత్రికి వంటెవరు చేస్తారని అడిగింది. ఎవరైనా చేసుకోండని మనసులో అనుకుంది గానీ, చెప్పులేసుకునే తొందరలో పైకి అనలేదు. వాళ్లిద్దరూ మెట్లు దిగుతుంటే మగవాళ్లిద్దరిలో ఎవరు తోడు వెళ్లాలో పైన ఇంకా తేలలేదు.

రెండు వీధులవతల ఆడవాళ్ల డాక్టరు ఉంది. బయట బల్లల నిండా ఆడవాళ్లే. ఒకావిడ నడుం పట్టుకుని, ఒకావిడ పొట్ట పట్టుకుని, ఒక ముసలావిడ ఏమీ పట్టుకోకుండా గోడవైపు చూస్తూ ఉన్నారు. పిలుపు వచ్చేదాకా పసిపిల్ల ఆమె ఒళ్లోనే నిద్రపోయింది. పెద్దకోడలికి ఆ కాసేపు చాలా హాయిగా అనిపించింది. ఇంట్లో కాకపోతేనేం, చదువుకున్న మనిషి ముందు, అదీ ఒక ఆడమనిషి ముందు, ఇప్పుడు చెప్పుకోబోతున్నాం. ఇక్కడ రూలు వేరేగా ఉంటుంది. ఆ ఒక్క ఆశా ఇంకా మిగిలి ఉంది ఆమెకు.

డాక్టరు పెద్దావిడ. ఎత్తైన బల్ల ముందు నిలబడే రాస్తోంది. చిన్నకోడలు చెప్పిందంతా తలూపుతూ విన్నది, కంటిరెప్ప లాగి చూసింది. "రక్తం తక్కువుంది. మాత్రలు రాస్తాను. కాన్పయ్యాక కొన్నాళ్లు ఇలాగే ఉంటుంది, కంగారు పడకూడదు," అంది. తర్వాత పెద్దకోడలి వంతు. ఆమె చెప్పింది. బకెట్ల సంగతి, జారుడు సంగతి, నవ్వడానికి భయపడే సంగతి కూడా చెప్పింది. ఎప్పుడూ ఎవరికీ చెప్పని మాటలు కావడంతో కొన్ని తడబడ్డాయి. డాక్టరు పెన్ను ఆపకుండానే, "పిల్లల్ని కన్నవాళ్లకి చాలామందికి ఉంటుందమ్మా. నార్మలే," అంది.

"నార్మలంటే, ఎవరితో పోల్చి చెబుతున్నారు డాక్టరుగారూ?"

డాక్టరు తలెత్తింది. ఆ ప్రశ్న ఆవిణ్ని ఇంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. అప్పుడే పెద్దకోడలి చూపు బల్ల కిందికి వెళ్లింది. అక్కడొక చిన్న చెక్కపీట ఉంది. పైన పెయింటు అరిగిపోయి, చెక్క నునుపుదేరి ఉంది. డాక్టరు ఒక కాలు దాని మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవరితో ఏంటమ్మా," అంది డాక్టరు, నవ్వుతూ, ప్రేమగానే. "నాకు లేదా? చూడు, పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను. బాగానే ఉన్నానుగా."

డాక్టరు గంట కొట్టింది. తర్వాతి మనిషి లోపలికొచ్చింది.

బయట వీధి దీపాలు వెలుగుతున్నాయి. పెద్దకోడలు పసిపిల్లను భుజాన వేసుకుని, ఎటు నడుస్తోందో చూసుకోకుండా నడుస్తోంది. ఈ లోకం మొత్తం మీద తేటగా ఉన్న ఒక్క గుంట కోసం, ఒక్క పెరుగు డబ్బా మొక్క కోసం ఎక్కడికెళ్లి వెతకాలో ఆమెకు తోచలేదు. చిన్నకోడలికైనా చెప్పాలి, అది లెక్క కాదు, ఆ లెక్క తప్పు అని చెప్పాలి అనుకుని పక్కకు తిరిగింది.

చిన్నకోడలు మందుల కవరు గుండెలకు హత్తుకుని నడుస్తోంది. చాలా రోజుల తర్వాత ఆ మొహం విప్పారి ఉంది. "విన్నారా అక్కా? డాక్టరుగారికి కూడా ఉందట," అంది. "అయితే నాకేం లేదన్నమాట."